ఏడో తూము దగ్గర మూడు కొమ్మలు

మూడు కొమ్మలు అడ్డం వచ్చాయి. మూడే. అవి లేకపోతే గూడు మొత్తం కనబడేది.

విల్మా గట్టు మీద మోకాళ్లపై కూర్చుని కెమెరా కంటికి ఆనించి చూసింది, దించింది, మళ్లీ ఆనించి చూసింది. విల్లో చెట్టు చెరువు మీదికి వాలి ఉంది. దాని చిట్టచివరి రెమ్మకి పిడికిలికన్నా కొంచెం పెద్ద తెల్లటి సంచి ఒకటి వేలాడుతూ గాలికి ఊగుతోంది. జమ్ము దూది, సాలీడు పోగులు, కంచెలకు అంటుకున్న గొర్రెబొచ్చు కలిపి నేసిన గూడు అది. దూరం నించి చూస్తే ఎవరో చంటిపిల్ల మేజోడు ఆరేసినట్టుంది. దాన్ని కడుతున్న పిట్ట బొటనవేలంత కూడా లేదు. బూడిదరంగు తల, కళ్లకు అడ్డంగా నల్లటి పట్టీ. దొంగతనానికి బయల్దేరినవాడి వాలకం. ముక్కున దూది పట్టుకుని వచ్చేది, తలకిందులుగా వేలాడుతూ లోపలికీ బయటికీ నాలుగు పోట్లు పొడిచేది, సన్నగా ఈల వేసి పోయేది.

విల్మా ముప్పై నాలుగేళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. ఆ పోట్లు చూస్తుంటే ఆమె వేళ్లు వాటంతటవే కదిలాయి.

ఈ గూడు ఆమె కనిపెట్టింది కాదు. నిన్న అంబ్రుష్ చూపించాడు. టిసా నది పక్కన ఉన్న ఈ చేపల చెరువుల్లో బుట్టలు అల్లేవాళ్లలో మిగిలింది అతనొక్కడే. చలికాలమంతా విల్లో పుల్లలు కోస్తాడు, వసంతం రాగానే కత్తి దూలంలో గుచ్చేసి మళ్లీ ఆకులు రాలేదాకా ముట్టుకోడు. నిన్న తన పడవలోంచి ఒక పాత పుల్లల మోపు తెచ్చి గట్టు మీద వేశాడు.

"దీనిమీద కూచో, అమ్మాయ్. దీన్ని దాటి మాత్రం అడుగు ముందుకెయ్యకు. మనం కనబడ్డా అది ఊరుకుంటుంది. మనం దగ్గరికొస్తుంటే ఊరుకోదు."

"ఎవరికీ చెప్పను, అన్నా."

"చెప్తావని నేనన్నానా?" అని నవ్వాడు. ఇద్దరికీ మధ్య ఏడేళ్లు తేడా. అరవై ఒకటి నిండినదాన్ని అమ్మాయ్ అని పిలిచేవాడు ఊళ్లో అతనొక్కడే.

ఇప్పుడు ఆ మోపు ఆమె వెనకాల నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఎప్పుడు దాటిందో ఆమెకే గుర్తులేదు.

సంచిలో చెయ్యి పెట్టింది. అద్దాల గుడ్డ, రెండు ఉప్పు బిస్కెట్లు, వాటి కింద కత్తెర. ఫ్యాక్టరీ మూసేసిన రోజున తెచ్చుకున్న పొడుగు కత్తెర. ఎక్కడికెళ్లినా వెంట ఉంటుంది. గడ్డం గట్టుకి ఆనించి, చెయ్యి బారచాపి, మొదటి కొమ్మ కోసింది. పచ్చి కొమ్మ, ఒక్క నొక్కుకి తెగలేదు. కొరికినట్టు మూడుసార్లు నొక్కాల్సొచ్చింది. రెండోది. మూడోది. తెగినవాటిని నీళ్లలోకి వదిలేసింది. ఆకులతో సహా అవి మెల్లగా జమ్ములోకి కొట్టుకుపోయాయి.

పిట్ట వచ్చింది. ఇంతకు ముందులా తిన్నగా గూటికి రాలేదు. పక్కచెట్టు మీద వాలి, అటు చూసి ఇటు చూసి, రెండుసార్లు ఈల వేసి, అప్పుడు వచ్చింది. రెక్కలు విప్పి, ముక్కున తెల్లటి దూదితో, ఎండ సరిగ్గా ముఖం మీద పడుతుండగా.

విల్మా వేలు నొక్కింది.

*

"చిటారుకొమ్మ" అనే పిట్టల ఫోటోల గ్రూపులో పదకొండు వేలమంది ఉన్నారు. ఫిబ్రవరిలో పాత కెమెరా ఒకటి కొనుక్కుని విల్మా కూడా చేరింది. అందులో ఉండేవాళ్లు తెల్లారకుండా లేచి, తలనించి మడమదాకా ఆకుల బొమ్మలున్న బట్టలు తొడుక్కుని, పిట్టలకు కనబడకుండా పొదల్లో దాక్కుని, ఆ దాక్కున్న ఫోటోలు ముందు పెడతారు, పిట్ట ఫోటో తర్వాత పెడతారు. నల్లటి చుక్క ఒకటి పెట్టి "ఇదేం పిట్ట, దయచేసి చెప్పండి" అంటారు. "కాకి" అని ఒకరంటారు. "ఈ వెలుతురులో కాకి అని ఎలా చెప్తారు, మీ అర్హత ఏమిటి?" అని ఇంకొకరు. రెండొందల జవాబుల తర్వాత అది లెన్స్ మీద దుమ్మని తేలుతుంది.

విల్మా పెట్టిన మొదటి ఫోటో పోప్లర్ చెట్టు మీద తెల్ల గుడ్లగూబ. "జీవితంలో మొదటిసారి చూశాను, కళ్లనీళ్లు తిరిగాయి" అని కూడా రాసింది. అది దుకాణం వాళ్లిచ్చే ప్లాస్టిక్ సంచి. మూడొందలమంది నవ్వారు. పట్నంలో పళ్ల డాక్టరు లోరాంద్, గ్రూపులో పెద్ద తలకాయ, "అరుదైన జాతి, అమ్మగారూ. పాలు, రొట్టె తింటుంది" అని రాశాడు. ఆ రోజు మధ్యాహ్నం ఆమె అన్నం తినలేదు.

గురువారం సాయంత్రం, పొయ్యి మీద చారు కాగుతుండగా, విల్మా కొత్త ఫోటో పెట్టింది. చోటు రాయలేదు. "కొత్త కాపురం" అని మాత్రం రాసింది.

చారు పొంగి పొయ్యి ఆరిపోయేటప్పటికి నూట నలభై హృదయాలు. పొయ్యి తుడిచేటప్పటికి మూడొందలు. "ఆ దూది చూశారా, పోగు పోగూ లెక్కపెట్టొచ్చు!" "ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నారు, విల్మా?" తడిచేతులు లంగాకి తుడుచుకుంటూ ఆమె ఒక్కోదాన్నీ రెండేసిసార్లు చదివింది. ఎవరూ లేని వంటింట్లో "అయ్యో, అంతేం లేదండీ" అని పైకే అంది.

అప్పుడు లోరాంద్ నించి, ఆడవాళ్లని పలకరించే పాతకాలపు మర్యాదతో, విడిగా కబురొచ్చింది. "మీ చేతిని ముద్దాడుతున్నానండీ. ఎక్కడిది ఇది?"

"చెప్పనని మాటిచ్చానండీ" అని రాసింది. రాసి, తన నిజాయితీకి తనే ముచ్చటపడింది. పెద్ద డాక్టరంతటివాడు అడిగినా చెప్పలేదు మరి.

కాసేపటికి జవాబొచ్చింది. "అక్కర్లేదు లెండి. వెనకాల కనబడుతోంది."

ఆమె ఫోటో పెద్దది చేసి చూసింది. పిట్ట, గూడు, ఊగే రెమ్మ. గూటికి కుడిపక్కన, మూడో కొమ్మ ఉండాల్సిన ఖాళీలోంచి, దూరంగా తూము గోడ. గోడ మీద తెల్ల పలక. పలక మీద ఎర్ర రంగుతో ఏడు.

కొమ్మ ఉంటే పలక కనబడేది కాదు.

తీసెయ్యాలి, ఇప్పుడే తీసెయ్యాలి అనుకుంది. చెరిపే గుర్తుమీద వేలు పెట్టింది కూడా. అప్పటికి ఆరువందల పన్నెండు హృదయాలు. తీసేస్తే అన్నీ పోతాయి. పలక దాకా కత్తిరించి మళ్లీ పెడితే మళ్లీ సున్నా నించి మొదలు. డాక్టరు ఒక్కడేగా చూసింది, పెద్దమనిషి, నలుగురికీ చాటుతాడా ఏం అనుకుంది. వేలు తీసేసింది.

తర్వాత ఎన్నిసార్లో గుర్తుచేసుకుంది, ఆ వేలు తీసెయ్యడాన్ని. కొమ్మలు కోసినప్పుడు ఆమెకి తెలీదు. వేలు తీసినప్పుడు తెలుసు.

*

శనివారం పొద్దున చెరువుల గేటు బయట పద్దెనిమిది కార్లున్నాయి.

ఏడో తూము గట్టు మీద ఒక చిన్న అడవే లేచొచ్చినట్టుంది. ఆకుల బొమ్మల టోపీలు, ఆకుల బొమ్మల చేతితొడుగులు. ఒకాయన ఫ్లాస్కుకి కూడా ఆకుల తొడుగు వేసుకొచ్చాడు. ఇంతా చేసి ఒకరి నడుముకి వేలాడుతున్న ఫోను అయిదు నిమిషాలకోసారి డోలూ సన్నాయీ వాయిస్తోంది.

"ఒరేయ్, అది ఆపరా!"

"మా అత్తగారు. ఎత్తకపోతే మళ్లీ చేస్తుంది."

"ఎత్తితే?"

"ఎత్తినా చేస్తుంది."

అంబ్రుష్ వేసిన పుల్లల మోపు మీద ఎవరో మట్టి బూట్లు తుడుచుకున్నారు.

లోరాంద్ అందరికన్నా ముందు, నీళ్ల అంచున, మడతకుర్చీలో కూర్చున్నాడు. అతని లెన్స్ పొయ్యిగొట్టమంత ఉంది. విల్మాని చూసి లేచి, తల వంచాడు.

"వచ్చారా! ఈవిడేనండీ, మన విల్మా! ఆ గుడ్లగూబ ఆవిడ. ఇప్పుడెవరైనా నవ్వండి చూద్దాం!"

చప్పట్లు కొట్టబోయి, పిట్ట కోసం వచ్చామని గుర్తొచ్చి, అందరూ చేతులు గాల్లో ఊపారు. ఎవరో కుర్చీ ఖాళీ చేశారు. ఎవరో జున్ను రొట్టె చేతిలో పెట్టారు. ఆమె వచ్చింది "వెనక్కి జరగండి" అని చెప్పడానికి. కార్లు చూసినప్పటినించీ దారి పొడుగునా ఆ మాటే గొణుక్కుంటూ వచ్చింది. రొట్టె చేతిలో పట్టుకుని, "మీరంతా ఎంత మంచివాళ్లండీ" అంది.

పిట్ట రాలేదు. గంటయ్యాక లోరాంద్ జేబులోంచి చిన్న స్పీకరు తీసి, రాయి మీద పెట్టి, మీట నొక్కాడు. అచ్చం ఆ పిట్ట ఈలే. సన్నగా, సాగదీసినట్టు. ఒకటే ఈల, మళ్లీ మళ్లీ.

"ఇంకో మగపిట్ట వచ్చిందనుకుంటుంది. పోట్లాటకి పరిగెత్తుకొస్తుంది చూడండి."

వచ్చింది. జమ్ములోంచి రివ్వున వచ్చి, రాయి చుట్టూ తిరిగి, ఎవడూ కనబడక, గూటి మీద వాలింది. ముప్పై కెమెరాలు ఒక్కసారి టపటపమన్నాయి. వడగళ్లు పడ్డట్టు. పిట్ట లేచి పోయింది. మళ్లీ స్పీకరు. మళ్లీ వచ్చింది. ముక్కున ఈసారి దూది లేదు. నాలుగోసారి స్పీకరు ఎంత కూసినా రాలేదు.

అప్పుడే అంబ్రుష్ పడవ జమ్ము అంచు వెంట వచ్చింది. కిందటి ఏడు కోసి ఎండబెట్టిన పుల్లలు పడవలో ఉన్నాయి, రేవుకి చేరవేస్తున్నాడు. గడ నీళ్లలో దించి పడవ ఆపాడు. గట్టు మీది జనాన్ని చూడలేదు. విల్మాని చూడలేదు. వంగి, జమ్ములో చిక్కుకున్న ఆకుల కొమ్మ ఒకటి తీశాడు. తెగిన చివర బొటనవేలితో తడిమాడు. ఇంకొకటి. ఇంకొకటి. మూడూ పడవలో పక్కన పెట్టుకుని, గడ ఎత్తి వెళ్లిపోయాడు.

విల్మా చేతిలో రొట్టె అలాగే ఉంది.

*

సోమవారానికి గూడు ఖాళీ అని తేలిపోయింది. గూటిమూతి దగ్గర సగం నేసిన దూది విడిపోయి వేలాడుతోంది. ఆ ఫోటో కూడా గ్రూపులో పెట్టారు. దానికీ హృదయాలొచ్చాయి.

పొద్దున్నే లోరాంద్ రెండు ఫోటోలు పెట్టాడు. ఒకదాంట్లో కొమ్మలు తెగిన మొదళ్లు మూడు, తెల్లగా. రెండోదాంట్లో పడవ, పడవనిండా విల్లో పుల్లలు, వంగి నీళ్లలోంచి పచ్చికొమ్మ తీస్తున్న ముసలాయన. కింద రాశాడు: "ఇక నేను చెప్పేదేముంది?"

చెప్పడానికి తక్కినవాళ్లున్నారు. "మే నెలలో విల్లో కోస్తాడా, వీడికి సిగ్గుందా?" "బుట్టల కోసం ఒక కాపురం కూల్చాడు." "చెరువుల ఆఫీసుకి రాశాను, మీరూ రాయండి." "వాడి దగ్గరున్న గేటు తాళంచెవి లాక్కోవాలి." తొమ్మిదివందల ఎర్రటి కోపపు ముఖాలు. స్పీకరు గురించి ఎవరూ ఎత్తలేదు.

ఒకే ఒక్కరు, పేరులేని మనిషెవరో, నెమ్మదిగా రాశారు. "ఈ పిట్టలు మామూలుగానే గూళ్లు వదిలేస్తుంటాయండి. ఆడది పోతుంది, లేదా మగది పోతుంది, ఒక్కోసారి రెండూ పోతాయి. ఎవరి తప్పూ లేకుండానే. దాని స్వభావమే అంత."

విల్మా ఆ మాటలు నాలుగుసార్లు చదివింది. ఎవరి తప్పూ లేకుండానే. ఇరవై రెండేళ్ల కింద ఆమె మొగుడు ఒక పొద్దున కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించి, తలుపు చప్పుడు కాకుండా వేసుకుని వెళ్లిపోయినప్పుడు కూడా వీధిలోవాళ్లు ఇలాంటి మాటే అన్నారు. అప్పుడు ఆ మాట వింటే ఒళ్లు మండింది. ఇప్పుడు చలికి దుప్పటి దొరికినట్టు కప్పుకుంది.

ఎక్కువసేపు కప్పుకోనివ్వలేదు. ఎవరో అడిగారు. "విల్మాగారు మొదట చూశారుగా. మీరు ఫోటో తీసినప్పటికే కొమ్మలు కోసున్నాయా?"

పదకొండు వేలమంది వంటింట్లోకి వచ్చి నిలబడ్డట్టయింది. "నేనే" అని రాసింది. చెరిపింది. "కత్తెర నాదే" అని రాసింది. చెరిపింది. కత్తెర బల్ల మీదే ఉంది, నోరు మూసుకుని.

చివరికి ఒక్క మాట రాసింది. "గమనించలేదు."

వెంటనే ఎనభైమంది ఆ మాటకి బొటనవేలు ఎత్తి చూపించారు. "పాపం, ఆవిడ ధ్యాసంతా పిట్ట మీదే కదా" అని ఎవరో జాలిపడ్డారు.

*

మంగళవారం ఆమె అంబ్రుష్ ఇంటికి వెళ్లింది. ఉప్పు బిస్కెట్లు చేసి పట్టుకెళ్లింది. చెప్పెయ్యాలనే వెళ్లింది.

అతను పెరట్లో పీట మీద కూర్చుని బుట్ట అల్లుతున్నాడు. అడుగు అయిపోయింది, నిలువు పుల్లలు పైకి లేచి ఉన్నాయి. తడి గోనెలోంచి ఒక్కో పుల్లా తీసి, ఒకటి ముందు, ఒకటి వెనక, రెండుసార్లు లాగి, ఇనపముక్కతో కిందికి దట్టిస్తున్నాడు. ఆమెని చూసి గడ్డంతో రెండో పీట చూపించాడు.

"వచ్చావా. ఆ పుల్లలు కాస్త దగ్గరికి పట్టుకో. నా ఒక్కడికి లొంగడంలేదు."

విల్మా నిలువు పుల్లలు రెండు చేతులా దగ్గరికి పట్టుకుంది. అతని చేతులు ఆమె చేతుల చుట్టూ తిరిగాయి. వేళ్ల కణుపుల దగ్గర పగుళ్లు, పగుళ్లలో బంక.

"అన్నా, ఆ గ్రూపులో..."

"నాకు ఫోను లేదుగా. మా కోడలి బంధువు ఒకామె వచ్చి చదివి వినిపించి పోయింది. నేను దేశంలో పక్షుల్ని నిర్మూలిస్తున్నానట. నాకు తెలీనే తెలీదు, ఇంత పనిమంతుణ్ణని."

"నవ్వకన్నా."

"నవ్వక ఏం చెయ్యను? రేపు పదింటికి హయ్నల్ చెరువుల ఆఫీసుకి రమ్మంది. తాళంచెవి పట్టుకురమ్మంది."

తాళంచెవి లేకపోతే గేటు లేదు. గేటు లేకపోతే చలికాలం పుల్లలు లేవు. చేతుల మధ్యలో లేస్తున్న ఈ బుట్ట చివరి నాలుగైదింటిలో ఒకటవుతుంది. ఇది ఇద్దరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

"నువ్వు కొయ్యలేదని చెప్పు" అంది విల్మా. గొంతు ఎక్కడో గోనె కిందనించి వచ్చినట్టు వచ్చింది. "నీ కత్తి దూలంలోనే ఉందిగా. చూపించు."

అంబ్రుష్ పుల్ల దట్టించి, తల ఎత్తాడు. ఆమెని కాదు, కిటికీ వైపు చూశాడు. కిటికీ గట్టు మీద గాజు గ్లాసులో నీళ్లు. నీళ్లలో మూడు విల్లో కొమ్మలు. ఆకులు ఇంకా వాడలేదు. నీళ్లలో ఉన్న చివరలు ఒకటికి మూడు చోట్ల నలిగి ఉన్నాయి. అతని కత్తి కోత ఏటవాలుగా, ఒక్క దెబ్బకి, అద్దంలా ఉంటుందని పక్కనే ఉన్న పుల్లల కట్ట చెబుతోంది.

"విల్లో కదా" అన్నాడు. "నీళ్లలో పెడితే వేళ్లొస్తాయి. గట్టిగా పట్టుకో, వదిలేస్తున్నావు."

ఆమె గట్టిగా పట్టుకుంది. బుట్ట నడుం దాకా లేచేవరకూ పట్టుకుంది. చెప్పాలని వచ్చింది మాత్రం చెప్పకుండానే లేచింది. వచ్చేటప్పుడు అతను బిస్కెట్లు రెండు తిని, "ఉప్పు తగ్గింది, అమ్మాయ్" అన్నాడు.

*

బుధవారం పదికి ఇంకా పావుగంట ఉందనగా విల్మా చెరువుల ఆఫీసు మెట్లెక్కింది. అంబ్రుష్ కన్నా ముందు వెళ్లాలనుకుంది. చెప్పేసి, అతనొచ్చేలోగా వెనక తలుపు నించి వెళ్లిపోవాలనుకుంది.

కాపలా అధికారి హయ్నల్‌కి నలభై ఉంటాయి. ఎండకి కమిలిన ముక్కు, బురద బూట్లు. ఆమె బల్ల మీద తాళంచెవి ఒకటి ఉంది, దారానికి విల్లో బెరడు చుట్టి ఉంది.

"రండి, విల్మా పిన్నీ. మీరూ ఫిర్యాదు ఇవ్వడానికేనా? ఇప్పటికి నూట ఆరు వచ్చాయి. అందులో తొంభై ఏడు ఒకే మాట, అక్షరం పొల్లుపోకుండా."

"అంబ్రుష్..."

"ఏడింటికే వచ్చి వెళ్లాడు." హయ్నల్ ఒక కాయితం ఇటు తిప్పింది. "ఆ కొమ్మలు తెగింది నావల్లే అని రాసి సంతకం పెట్టాడు. నీ కత్తితోనా, అంబ్రుష్ బాబాయ్, అన్నాను. నావల్లే, అన్నాడు. ఎందుకు కోశావు అన్నాను. గూడు చూపించింది నేను, చూపించినవాడే కోసినట్టు, అన్నాడు. ఎవరికి చూపించావంటే నోరు విప్పలేదు. తాళంచెవి అక్కడ పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు."

కాయితం మీద అక్షరాలు పెద్దవిగా, వంకర లేకుండా, బడిపిల్లాడు రాసినట్టున్నాయి. సంతకం చివర చుక్క కూడా పెట్టాడు.

విల్మా సంచిలోంచి కత్తెర తీసి, తాళంచెవి పక్కన పెట్టింది. రెండు అలుగుల మధ్యలో ఆకుపచ్చ మరక ఇంకా ఉంది. తుడవడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

హయ్నల్ కత్తెరని చూసింది. విల్మాని చూసింది. బయట ఎక్కడో చేపల పడవ మోటారు దగ్గి ఆగింది.

"పదకొండు వేలమందిలో ఒక్కరూ నేను కోశాననలేదు" అంది చివరికి. "ఇవాళ ఒకే కోతకి ఇద్దరొచ్చారు. కూచోండి, పిన్నీ. రాయండి."

విల్మా రాసింది. కొమ్మలు మూడు. పుల్లల మోపు దాటాను. పలక సంగతి తెలిసీ ఫోటో తీసెయ్యలేదు. శనివారం రొట్టె తీసుకున్నాను. అడిగితే గమనించలేదన్నాను.

"రొట్టె సంగతి అక్కర్లేదు" అంది హయ్నల్.

"ఉండనీ అమ్మా."

గట్టు మీదికి వెళ్లడానికి విల్మాకి ఉన్న చీటీ హయ్నల్ తీసుకుని, రెండు వసంతాల దాకా చెల్లదని అడ్డంగా గీత గీసింది. అంబ్రుష్ కాయితం నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేసింది. డాక్టరుగారి స్పీకరు గురించి వేరే కాయితం తయారవుతోందని కూడా చెప్పింది. తాళంచెవి తీసి విల్మా అరచేతిలో పెట్టింది.

"నేను పంపించగలను. కానీ మీరే ఇవ్వండి."

ఇంటికెళ్లి విల్మా గ్రూపులో కూడా అదంతా రాసింది. ఒక్క మాట తగ్గించలేదు. అంబ్రుష్ ఫోటో తీసెయ్యమని లోరాంద్‌ని పేరు పెట్టి అడిగింది. ముప్పై నిమిషాల్లో నాలుగు హృదయాలొచ్చాయి. "మీ నిజాయితీకి జోహార్లు! ఇంతకీ ఆ ఫోటోకి ఏ లెన్స్ వాడారు?" అని ఒకరడిగారు. గంటకి అదంతా మాయమైంది. "పిట్ట ఫోటో లేని రాతలు నిబంధనలకు విరుద్ధం" అని అడ్మిన్ నించి కబురు. పడవలో వంగిన ముసలాయన ఫోటో మాత్రం అక్కడే ఉంది. కోపపు ముఖాలు తొమ్మిదివందల నలభై.

తన ఫోటో ఆమె అప్పుడు తీసేసింది. రెండు వేల మూడొందల హృదయాలు. తీసెయ్యడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఇంత సులువైన పనా అది, అనుకుంది.

*

గేటు ఇవతల, ఊరివైపు రేవులో అంబ్రుష్ పడవకి తారు పూస్తున్నాడు. బోర్లించిన పడవ మీద మధ్యాహ్నపు ఎండ. కుంచె తారులో ముంచి, అంచుకి ఒత్తి, పొడుగునా లాగుతున్నాడు. అతని వెనకాల జమ్ము తలెత్తున లేచి ఉంది, దాని వెనక విల్లోలు.

విల్మా తాళంచెవి చాపింది. అతను కుంచె డబ్బా మీద అడ్డంగా పెట్టి, చేతులు గడ్డికి తుడుచుకుని, తీసుకున్నాడు. బెరడు చుట్టిన దారం ఒకసారి చూసుకుని జేబులో వేసుకున్నాడు.

"చెప్పేశాను, అన్నా."

"ఊఁ."

"నువ్వలా సంతకం పెట్టాల్సింది కాదు."

"నేను రాసిందాంట్లో అబద్ధం లేదు." కుంచె తీసుకున్నాడు. "మా నాన్న కూడా గూళ్లు చూసేవాడు. నాకు చూపించలేదు. పదేళ్లవాణ్ణి, ఏడ్చేవాణ్ణి. అయినా చూపించలేదు. ఎందుకా అనుకునేవాణ్ణి."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమె ఏదో ఒకటి పట్టుకునేది. అతను పడవ అంచున పగులు ఒకటి వేలితో వెతికి, అందులోకి తారు నింపాడు, రెండోసారి పూశాడు.

"బుట్ట అయిపోయిందా?" అంది.

"అయిపోయింది. పట్టుకెళ్తావా?"

"వద్దన్నా."

"పట్టుకెళ్లు. నువ్వూ పట్టుకున్నావుగా."

రేవు గట్టు మీద ఉంది బుట్ట. ఆమె తీసుకుని మోచేతికి తగిలించుకుంది. పచ్చివాసన ఇంకా పోలేదు. వెళ్లాలి. అయినా ఆగింది. చిన్నపిల్లలా, అడక్కూడదని తెలిసే అడిగింది.

"మళ్లీ ఎక్కడైనా కడుతోందా, అన్నా? ఆ మగది? కనబడిందా?"

అంబ్రుష్ కుంచె ఆగలేదు.

"లేదు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే, అతని వెనకాల జమ్ములోంచి, చాలా దగ్గరగా, సన్నటి ఈల ఒకటి లేచింది. సాగదీసినట్టు, దారం చివర ముడి వేసినట్టు. ఒకసారి. కాస్త ఆగి, ఇంకోసారి. స్పీకరుది కాదు. స్పీకరుది ప్రతిసారీ ఒక్కలాగే ఉండేది.

అంబ్రుష్ తల ఎత్తలేదు. కుంచె పడవ మీద ఉన్నచోటే ఉండిపోయింది. కుంచె చివర తారు చుక్క ఒకటి లావై, లావై, గడ్డి మీద పడింది.

విల్మా జమ్ము వైపు చూడలేదు. తల తిప్పితే దిక్కు తెలిసిపోతుంది.

"అవును" అంది. "ఇటు రాదులే."

వెనక్కి తిరిగి ఊరి దారి పట్టింది. ఈల మూడోసారి వినబడింది. బుట్టని గుండెకి దగ్గరగా పట్టుకుని, అది కిర్రుమనకుండా, మెల్లగా నడిచింది.